గోల్డ్ కోస్ట్‌లో డబ్బు ఎక్కడ పెట్టాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ గురించే. బ్రిస్బేన్‌కి దక్షిణాన, కారులో గంట దూరంలో ఉన్న ఊరది. ముందు పసిఫిక్ మహాసముద్రం, వెనక వెయ్యి మీటర్ల దాకా లేచిన కొండలు, వాటి మీద వర్షారణ్యం. ఆ కొండ ప్రాంతాన్ని అక్కడివాళ్లు హింటర్‌ల్యాండ్ అంటారు. పిల్లల థీమ్ పార్కుల సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి దాని జోలికి పోవడం లేదు.

ప్రశ్న: మా పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయి. ఏడు రాత్రులు ఉందామని అనుకుంటున్నాం. ఖర్చుకి వెనకాడం. సముద్రం ఒడ్డున ఒకే మంచి హోటల్ తీసుకుంటే చాలా? ఏ నెలలో వెళ్లాలి? (విజయవాడ)

జవాబు: ఒకే హోటల్ వద్దండీ. మొదటి మూడు రాత్రులు తీరంలో, తర్వాత రెండు కొండ మీద, చివరి రెండు మళ్లీ తీరంలో పెట్టుకోండి. కొండ మీది రెండు రాత్రులూ మంగళ, బుధవారాలు అయ్యేలా చూసుకోండి. శని, ఆదివారాల్లో బ్రిస్బేన్ జనమంతా ఆ కొండలెక్కుతారు. అడవి నిశ్శబ్దం కోసం డబ్బు కట్టి, పార్కింగ్ కోసం తిరగాల్సి వస్తుంది.

మా ఓటు సెప్టెంబర్, అక్టోబర్ నెలలకి. ఎండ ఉంటుంది, ఉక్క ఉండదు, తిమింగలాలు పిల్లలతో కనిపిస్తాయి. జూన్ నుంచి ఆగస్టు అక్కడ చలికాలం. తీరంలో పగలు 20, 21 డిగ్రీలు, రాత్రి పదికి అటూ ఇటూ. ఆకాశం తేటగా ఉంటుంది కానీ నీళ్లలో దిగాలంటే వణుకొస్తుంది. కొండ మీద రాత్రుళ్లు స్వెట్టర్ సరిపోదు, జాకెట్ కావాలి. డిసెంబర్ నుంచి మార్చి దాకా వేడి, ఉక్క, సాయంత్రం ఉరుముల వాన. 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ తుపాను ఇక్కడి బీచ్‌లలో ఇసుకను నిలువునా కోసుకుపోయింది. ఏటా అలా జరగదు కానీ, ఆ నెలల్లో వెళ్తే డబ్బు వెనక్కిచ్చే బుకింగే చేసుకోండి.

నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో ఊరి నడిబొడ్డున ఉన్న సర్ఫర్స్ ప్యారడైజ్ పేట వైపు పోకండి. పన్నెండో తరగతి ముగించిన పిల్లలు వేలల్లో దిగి రాత్రంతా పండగ చేసుకుంటారు. అక్టోబర్ చివర్లో అదే వీధుల్లో కార్ల పందెం జరుగుతుంది. రోడ్లు మూస్తారు, చప్పుడు చెప్పనక్కర్లేదు. క్రిస్మస్ నుంచి జనవరి సగం దాకా, ఈస్టర్‌కి గదుల ధరలు చుక్కలు చూస్తాయి. ఆ మాటకొస్తే ఊరికి గోల్డ్ కోస్ట్ అన్న పేరు వచ్చిందే ధరల వల్ల. 1950ల్లో అక్కడి స్థలాల రేట్లు చూసి వేళాకోళంగా పుట్టిన పేరది. 1958లో స్థానిక కౌన్సిల్ దాన్నే ఖాయం చేసుకుంది.

మొదటి రెండు పొద్దున్నలు ఖాళీగా ఉంచండి. గోల్డ్ కోస్ట్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రం సమయం మనకంటే నాలుగున్నర గంటలు ముందు. అక్కడ తెల్లవారుజామున నాలుగంటే మన ఒంటికి రాత్రి పదకొండున్నర. రాగానే మర్నాడే సూర్యోదయం కార్యక్రమం పెట్టుకున్నవాళ్లు ఆ రోజంతా నిద్రమొహాలతో తిరుగుతారు.

ప్రశ్న: ఓషన్ వ్యూ, ఓషన్ ఫ్రంట్, హింటర్‌ల్యాండ్ వ్యూ అంటూ ఒకే హోటల్లో మూడు ధరలు చూపిస్తున్నారు. ఏది తీసుకోవాలి? వెర్సాచె హోటల్లో ఉండాలని మా ఆవిడ కోరిక. (కొండాపూర్, హైదరాబాద్)

జవాబు: రెండో విషయం ముందు. వెర్సాచె పేరు మీద 2000లో తెరిచిన హోటల్ ఉంది కానీ పేరు లేదు. 2023లో ఆ బ్రాండు ఒప్పందం ముగిసి, ఇంపీరియల్ హోటల్‌గా మారింది. పైగా అది బ్రాడ్‌వాటర్ అనే ప్రశాంతమైన ఉప్పునీటి పాయ ఒడ్డున ఉంది. కిటికీ తీస్తే పడవలు కనిపిస్తాయి, అలలు కావు.

ఇక గది. విశాఖలాగే ఈ తీరం కూడా తూర్పు ముఖం. సూర్యుడు సముద్రంలోంచి లేచి, కొండల వెనక్కి దిగుతాడు. ఓషన్ ఫ్రంట్ అంటే గది నేరుగా సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఓషన్ వ్యూ అన్నప్పుడు బాల్కనీ అంచున నిలబడి మెడ తిప్పితే పక్క భవనాల సందులోంచి నీలిగీత కనిపించినా వాళ్లు అబద్ధమాడినట్టు కాదు. కాబట్టి ఆ గది ఏ దిక్కుకుందో, ఎన్నో అంతస్తో రాతపూర్వకంగా అడగండి. హింటర్‌ల్యాండ్ వ్యూ తక్కువ రకమని అనుకోకండి. సూర్యాస్తమయం, కొండల వరస, రాత్రి కాలువల మీద దీపాలు అటే కనిపిస్తాయి. పడమటి ఎండ మాత్రం మధ్యాహ్నం గదిని కాలుస్తుంది. మా సలహా: పొద్దున లేచేవాళ్లయితే ఓషన్ ఫ్రంట్, సాయంత్రం బాల్కనీలో కూర్చునేవాళ్లయితే పడమటి గది. మధ్యరకానికి డబ్బు దండగ. మరీ పై అంతస్తులో గాలి హోరుకి బాల్కనీ తలుపు తెరవలేం. పది నుంచి ఇరవై లోపు అంతస్తులే బాల్కనీకి పనికొస్తాయి.

ఇంకో మెలిక ఉంది. సర్ఫర్స్ ప్యారడైజ్‌లో ఎత్తైన భవనాలన్నీ బీచ్‌కి పడమట ఉన్నాయి. పొద్దు తిరిగాక వాటి నీడ ఇసుక మీద పడుతుంది. చలికాలంలో మరీ తొందరగా పడుతుంది. మధ్యాహ్నం బీచ్ ఎండ కావాలంటే, తక్కువ ఎత్తు కట్టడాలున్న మెయిన్ బీచ్ వైపు షెరటన్ గ్రాండ్ మిరాజ్ మేలు. హోటల్లోంచి రోడ్డు దాటకుండా నేరుగా ఇసుకలోకి దిగే సౌకర్యం అతి కొద్దిచోట్లే ఉంది. షెరటన్ ఒకటి, 2022లో తెరిచిన ల్యాంగమ్ ఒకటి. మిగతా చాలా టవర్లకి మధ్యలో రోడ్డు అడ్డం. 322 మీటర్ల క్యూ1 భవనం చూడాలనుకుంటే అందులో గది తీసుకోనక్కర్లేదు. 77వ అంతస్తులోని స్కైపాయింట్‌కి టికెట్ కొని, అస్తమయానికి గంట ముందు ఎక్కండి. వెలుగూ చీకటీ రెండూ ఒకే టికెట్‌తో వస్తాయి.

చెక్-ఇన్ అప్పుడు హోటలు మీ కార్డు మీద కొంత మొత్తం నిలిపి ఉంచుతుంది. దీనికి ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు ఇవ్వకండి. ఖాళీ చేశాక కూడా ఆ సొమ్ము విడుదల కావడానికి రోజులు పడుతుంది, ఈలోగా ఖర్చుకి చేతిలో ఉండదు. క్రెడిట్ కార్డు ఇవ్వండి.

ప్రశ్న: అమ్మకి 68, నాన్నగారికి 72. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. మా దగ్గరికి వచ్చినప్పుడు వర్షారణ్యం చూపించాలని ఉంది. నడవలేరేమోనని భయం. (బ్రిస్బేన్)

జవాబు: నడక కంటే దారే ఎక్కువ ఇబ్బంది పెడుతుందమ్మా. లామింగ్టన్ నేషనల్ పార్కులోని ఓ'రైలీస్ అనే చోటికి కనుంగ్రా ఊరి నుంచి 36 కిలోమీటర్లు. అందులో చాలాచోట్ల ఒక్క కారు పట్టే దారి, మలుపు మీద మలుపు. కడుపులో తిప్పకుండా ఉండే మాత్ర ఇంటి దగ్గరే వేయించండి. కొండ మొదలయ్యాక వేస్తే పని చేయదు. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. పెట్రోలు కనుంగ్రాలోనే పోయించుకోండి. పైన ఫోన్ సిగ్నల్ నమ్మకం లేదు కాబట్టి మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకోండి.

పైకి చేరాక ట్రీ టాప్ వాక్ ఉంది. 1988లో కట్టింది. చెట్ల మధ్య వేలాడే తొమ్మిది వంతెనలు, మొత్తం 180 మీటర్లు. దూరం తక్కువే, టికెట్ లేదు. వంతెనలు ఊగుతాయి, అందుకని ఒకరి తర్వాత ఒకరు, కమ్మీ పట్టుకుని నడవాలి. మధ్యలో చెట్టు పైకి నిచ్చెన ఉంటుంది, అది మీకు, నాన్నగారికి కాదు. అక్కడ 1926 నుంచీ అతిథి గృహం నడుస్తోంది. ఆ రాత్రి అక్కడే ఉంటే ఎర్ర, నీలి రంగుల రొసెల్లా చిలుకలు పొద్దున చేతి మీద వాలతాయి. లామింగ్టన్‌కి నేషనల్ పార్కు హోదా 1915లో వచ్చింది. గోండ్వానా వర్షారణ్యాల్లో భాగంగా యునెస్కో వారసత్వ జాబితాలోనూ ఉంది.

ఆ మలుపులు వద్దనుకుంటే టాంబొరిన్ మౌంటెన్‌కి వెళ్లండి. దారి తేలిక. అక్కడి స్కైవాక్ మొత్తం కిలోమీటరున్నర, అందులో 300 మీటర్లు ఉక్కు వంతెనలు. ఒక కొస వాగు మీదికి 30 మీటర్ల ఎత్తున చాచుకుని ఉంటుంది. వంతెన ఊగదు. కానీ తిరుగుదారిలో అడవి నేల మీద ఎక్కుదిగుడు ఉంది, అక్కడ చేతికర్ర కావాలి.

మీకు, మీ వయసువాళ్లకి ఓపిక ఉంటే బార్డర్ ట్రాక్ గురించి ఒక్క మాట. లామింగ్టన్ పార్కుకే ఇంకో వైపున్న బిన్నా బర్రా నుంచి ఓ'రైలీస్ దాకా అడవిలో 21.4 కిలోమీటర్లు. పొద్దున ఏడింటికి బయల్దేరి, ఒక్కొక్కరు కనీసం రెండు లీటర్ల నీళ్లు మోసుకుపోవాలి. రెండు చోట్ల మధ్య కారు దారి చాలా చుట్టు. సామాన్ని అటు చేర్చే ఏర్పాటు ముందే మాట్లాడుకుని, అటువైపు గది తీసుకుంటే అసలైన విలాసం అదే అని మా అభిప్రాయం. కొంత దారి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర సరిహద్దు వెంటే, పాత అగ్నిపర్వతం అంచు మీద నడుస్తారు. అది 2.3 కోట్ల ఏళ్ల కిందట రగిలిన ట్వీడ్ అగ్నిపర్వతం.

వాన పడిన మర్నాడైతే జలగలు తప్పవు. సాక్సులు ప్యాంటు మీదికి లాగి కట్టండి. అంటుకుంటే గోరుతో పక్కకి నెట్టేయండి, భయం లేదు. కానీ చర్మానికి పట్టే టిక్ పురుగుని నలిపి లాగకూడదు, దాని లాలాజలంలో విషం ఉంటుంది. దారి పక్కన హృదయాకారంలో పెద్ద ఆకులున్న మొక్క కనిపిస్తే ముట్టుకోవద్దు. మన దూలగొండి దాని ముందు దిగదుడుపు. ఆ మంట వారాల తరబడి తిరగబెడుతుంది.

ప్రశ్న: చీకట్లో మెరిసే పురుగుల గుహ ఉందట. ఫోటోల్లో నక్షత్రాల్లా ఉంది. నిజంగా అలాగే కనిపిస్తుందా? (విశాఖపట్నం)

జవాబు: ఫోటోలో అంత వెలుగు కెమెరాని చాలాసేపు తెరిచి ఉంచడం వల్ల వచ్చింది. కంటికి అది మసక నీలి చుక్కల్లా కనిపిస్తుంది. అయినా చూడదగిందే.

ఇవి మిణుగురులు కావు. ఒక జాతి చిన్న ఈగ పిల్లపురుగులు. గుహ కప్పు నుంచి జిగురు బొట్లున్న దారాలు వేలాడదీసి, వెలుగు చూపించి, మోసపోయి వచ్చిన పురుగుల్ని తింటాయి. టార్చి వేస్తే వెలుగు ఆర్పేస్తాయి. ఆర్పితే ఆ రాత్రి తిండి దక్కదు. అందుకే కట్టుబాట్లు గట్టిగా ఉంటాయి.

చోటు స్ప్రింగ్‌బ్రూక్ నేషనల్ పార్కులోని నేచురల్ బ్రిడ్జ్. గుహ కప్పుకి పడిన రంధ్రంలోంచి జలపాతం లోపలికి దూకుతుంది. నడక చుట్టూ కలిపి కిలోమీటరు, మెట్లున్నాయి. చేయాల్సింది ఇది: చీకటి పడకముందే చేరుకుని, వెలుగులో ఒకసారి మొత్తం చుట్టి రండి, మెట్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. టార్చికి ఎర్ర పారదర్శక కాగితం చుట్టి, నేల మీదికే వేయండి, గుహ దగ్గర ఆర్పేయండి. ఫోన్ తెర కూడా వెలగకూడదు. కళ్లు చీకటికి అలవాటు పడడానికి పది, పదిహేను నిమిషాలు కదలకుండా నిలబడాలి. ఎక్కువమంది రెండు నిమిషాలు చూసి "ఏమీ లేదు" అని వెళ్లిపోయేది ఇక్కడే. దోమల మందు పూసుకుని గుహలోకి పోకండి, అది వాటికి విషం. నీళ్లలో దిగడం నిషేధం.

వెలుగు ఎక్కువ కనిపించేది డిసెంబర్ నుంచి మార్చి దాకా, తేమగా ఉన్నప్పుడు. తిమింగలాలేమో జూన్ నుంచి నవంబర్ మొదటి దాకా. రెండూ నిండుగా ఒకే ప్రయాణంలో దొరకవు. సెప్టెంబర్‌లో వెళ్లేవాళ్లు కొద్ది చుక్కలతో సరిపెట్టుకోవాలి. పెద్దవాళ్లకి చీకట్లో మెట్లు కష్టమైతే టాంబొరిన్ మౌంటెన్‌లో ఒక ద్రాక్షతోట ఆవరణలో కట్టిన కృత్రిమ గుహ ఉంది, పగలే చూపిస్తారు.

తిరిగొచ్చేటప్పుడు కారు నెమ్మదిగా నడపండి. చీకటి పడ్డాక వాలబీలు (చిన్న రకం కంగారూలు) రోడ్డు మీదికి దూకుతాయి. అద్దె కారు బీమాలో రాత్రిపూట జంతువుల్ని గుద్దిన నష్టం ఉందో లేదో ముందే చదువుకోండి.

ప్రశ్న: మేం గుడ్డు కూడా ముట్టని శాకాహారులం. పెద్ద రెస్టారెంట్లలో ఇబ్బంది పడతామా? ఆవకాయ తీసుకెళ్లొచ్చా? (గుంటూరు)

జవాబు: అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు, చీజ్ ఉన్నట్టే లెక్క. రిసోట్టో చికెన్ మరిగించిన నీళ్లతో వండుతారు, థాయ్ కూరలో చేపల సాస్ ఉంటుంది, మెనూలో వాటి పేరు కనపడదు. "వీగన్, దానికి తోడు పెరుగు, పాలు తింటాం" అని చెప్పడం తేలిక దారి. ఏడెనిమిది వరసల్లో వడ్డించే డెగస్టేషన్ భోజనమైతే కనీసం 48 గంటల ముందు రాసి పంపండి. వెళ్లాక చెప్తే మాంసం తీసేసి సలాడ్ పెడతారు, బిల్లు మాత్రం తగ్గదు. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికే చాలా వంటగదులు మూసేస్తారు. ఆదివారం, సెలవు రోజుల్లో బిల్లు మీద పది, పదిహేను శాతం అదనంగా వేయడం మామూలే. టిప్పు తప్పనిసరి కాదు.

ఆవకాయ సంగతి: సీలు వేసిన సీసా అయినా, ఇంట్లో పట్టింది అయినా, విమానంలో ఇచ్చే కార్డులో ఆహారం ఉందని టిక్ పెట్టండి. చెప్తే అధికారులు చూసి, ఒప్పుకుంటే వదులుతారు, లేకపోతే తీసి పారేస్తారు. అంతటితో సరి. చెప్పకుండా దొరికితే వందల డాలర్లు జరిమానా, వీసా రద్దయ్యే ప్రమాదం కూడా. పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు అసలు పెట్టుకోకండి. పప్పు, బియ్యం, మసాలాలు గోల్డ్ కోస్ట్‌లోనే ఉన్న సౌత్‌పోర్ట్ పేటలోని ఇండియన్ దుకాణాల్లో దొరుకుతాయి.

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే పోపు దగ్గర జాగ్రత్త. ఎండుమిరపకాయ పొగకి అలారం మోగగానే చాలామంది కంగారులో గది ముందు తలుపు తీస్తారు. అదే పొరపాటు. గదిలోని అలారం సాధారణంగా మీకు మాత్రమే వినిపిస్తుంది. కారిడార్‌లోని సెన్సర్ భవనం ప్యానెల్ ద్వారా ఫైరింజన్‌ని పిలుస్తుంది. అనవసరంగా వచ్చినందుకు వేసే బిల్లు వెయ్యి డాలర్లు దాటొచ్చు, అది మీ డిపాజిట్‌లోంచే పోతుంది. పైన ఫ్యాన్ వేసి, బాల్కనీ తలుపు తెరిచాకే నూనె పెట్టండి. ముందు తలుపు మాత్రం మూసే ఉండాలి.

ప్రశ్న: హాట్ ఎయిర్ బెలూన్, హెలికాప్టర్, తిమింగలాల పడవ: మూడింటిలో ఒకటే ఎంచుకోవాలంటే? (తిరుపతి)

జవాబు: జూన్ నుంచి అక్టోబర్ అయితే పడవ. మిగతా నెలల్లో బెలూన్. పది నిమిషాల హెలికాప్టర్‌కి మా ఓటు లేదు. అంతలో తీరం మీద ఒక చుట్టు తిరిగి దించేస్తారు. కొండలు చూడాలంటే కనీసం అరగంటది తీసుకోవాలి. ఎక్కేముందు అందరినీ తూకం వేసి, బరువుని బట్టి సీట్లు ఇస్తారు. కిటికీ పక్క సీటు అడిగినా దొరుకుతుందని లేదు. ముదురు రంగు బట్టలు వేసుకుంటే అద్దంలో మీ నీడ పడదు, ఫోటోలు బాగొస్తాయి.

బెలూన్ వాళ్లు తెల్లవారుజామున నాలుగు, ఐదింటికే ఎక్కించుకుంటారు. ఎండెక్కితే నేల వేడికి గాలి పైకి తన్నుతుంది, అందుకే పొద్దున్నే ఎగరేస్తారు. బుట్టలో గంటసేపు నిలబడే ఉండాలి, దిగేటప్పుడు మోకాళ్లు వంచి కుదుపు తట్టుకోవాలి. గర్భిణులు, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కకూడదు. గాలి బాగా లేకపోతే రద్దు చేస్తారు. కాబట్టి చివరి రోజున పెట్టుకోకండి. నాలుగో రోజుకి పెట్టుకుంటే ఒకసారి తప్పినా మరో పొద్దున మిగులుతుంది.

పడవకి పొద్దున ట్రిప్పే మంచిది, మధ్యాహ్నానికి గాలి లేచి సముద్రం ఎగుడుదిగుడు అవుతుంది. వాంతి మాత్ర గంట ముందు, కడుపులో తేలికపాటి టిఫిను. ఖాళీ కడుపు ఇంకా చేటు. హంప్‌బ్యాక్ తిమింగలాలు జూన్, జూలైలో ఉత్తరానికి చకచకా పోతుంటాయి. ఆగస్టు తర్వాత పిల్లలతో తిరిగొస్తూ నింపాదిగా ఆడుకుంటాయి. పడవ వాటికి వంద మీటర్ల కంటే దగ్గరికి పోకూడదు. "పక్కకే తీసుకెళ్తాం" అనే ప్రకటన నమ్మకండి.

ప్రశ్న: సిడ్నీ నుంచి కారులో వస్తున్నాం. సరిహద్దు దగ్గర టైమ్ మారుతుందంటే నిజమేనా? (సిడ్నీ)

జవాబు: అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా నిజం. మీ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం గడియారం గంట ముందుకి జరుపుతుంది, క్వీన్స్‌లాండ్ జరపదు. క్వీన్స్‌లాండ్ వైపు కూలంగట్టా, మీ వైపు ట్వీడ్ హెడ్స్ ఒకదాన్నొకటి ఆనుకున్న ఊళ్లు, మధ్య వీధి దాటితే గంట తేడా. గోల్డ్ కోస్ట్ విమానాశ్రయం రన్‌వే రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, కానీ టైమ్ క్వీన్స్‌లాండ్‌దే. ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది కాబట్టి, ఆటోమేటిక్ తీసేసి బ్రిస్బేన్ అని పెట్టుకోండి. స్పా, రెస్టారెంట్ బుకింగులు పోయేది ఈ గంట దగ్గరే.

ప్రశ్న: మన లైసెన్సుతో కారు నడపొచ్చా? లేక డ్రైవర్‌తో కారు మాట్లాడుకోవాలా? (కరీంనగర్)

జవాబు: ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు కార్డు చెల్లుతుంది. అక్కడా ఎడమవైపే నడుపుతారు. కొన్ని అద్దె కంపెనీలు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడుగుతాయి, ఆర్టీఏలో తీసుకుని వెళ్లండి. బ్రిస్బేన్ విమానాశ్రయం నుంచి వచ్చే దారిలో టోల్ ఉంది, డబ్బు కట్టే బూత్ ఉండదు. కెమెరా నంబరు చదువుతుంది. అద్దె కంపెనీ దాని మీద తన రుసుము కలుపుకుంటుంది, ఎంతో ముందే అడగండి. చేతిలో ఫోను కెమెరాకి చిక్కితే వెయ్యి డాలర్ల పైమాటే. వెనక సీటువాళ్లకీ బెల్టు తప్పదు.

తీరంలో కారు అక్కర్లేదు. హెలెన్స్‌వేల్ నుంచి బ్రాడ్‌బీచ్ దాకా ట్రామ్ ఉంది, టికెట్ 50 సెంట్లు. 2024 ఆగస్టు నుంచి క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ రవాణాలో ఎంత దూరమైనా అంతే. బ్రిస్బేన్ విమానాశ్రయం రైలుకి మాత్రం అది వర్తించదు. లక్షలు పెట్టి హోటల్ తీసుకుని 50 సెంట్ల ట్రామ్ ఎక్కడమేంటని అనుకోకండి, పార్కింగ్ వెతుక్కునే బాధ తప్పుతుంది.

కొండలకి మాత్రం డ్రైవర్‌ని పెట్టుకోండి. మలుపుల్లో కళ్లు రోడ్డు మీద పెట్టినవాళ్లు లోయ చూడలేరు. గంటల లెక్క వాళ్ల షెడ్డు నుంచా, మీ హోటల్ నుంచా అని అడగండి. నేషనల్ పార్కులో డబ్బు తీసుకుని తిప్పేవాళ్లకి పర్మిట్ ఉండాలి, అది చూపించమనండి. పార్కు ప్రవేశం ఉచితం. ఎవరైనా ఎంట్రీ ఫీజు పేరుతో బిల్లులో వేస్తే కొట్టేయించండి.

ప్రశ్న: సముద్రంలో దిగొచ్చా? (నెల్లూరు)

జవాబు: ఎరుపు, పసుపు జెండాల మధ్య అయితే దిగండి. వాటి అవతల నీళ్లు ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగే పాయ ఉంటుంది. లాగితే ఎదురీదకండి, తేలుతూ చెయ్యెత్తండి, లైఫ్‌గార్డు వస్తాడు. బ్లూబాటిల్ జెల్లీఫిష్ కుడితే దారాలు తీసేసి, ఒళ్లు ఓర్చుకునేంత వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు పెట్టాలి. వెనిగర్ పోయకూడదు. ఇళ్ల మధ్య కాలువలు స్విమ్మింగ్ పూల్‌లా కనిపించినా దిగొద్దు, వాటిలో బుల్ షార్కులు తిరుగుతాయి.